ఎంత తగ్గుతానని అడిగినవాళ్లకు నేను చెప్పిన జవాబులు

డైటీషియన్‌గా నా ఉద్యోగంలో మొదటి సగం ప్రభుత్వాసుపత్రి వంటశాల పక్క గదిలో గడిచింది. రెండో సగం విజయవాడలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే విభాగంలో గడిచింది. ఈ రెండో సగం గురించి రాయమని నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయిలు అడుగుతున్నారు. ఇన్నేళ్లు చేసిన మనిషికి అన్నీ తేలిపోయి ఉంటాయని వాళ్ల నమ్మకం. నాకు తేలనివే ఎక్కువ ఉన్నాయి. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఆ తేలని చోటే మీరు రోజూ కూర్చోబోతున్నారు.

ఆపరేషన్ సంగతి తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. కడుపులో అన్నం నిలిచే సంచిలో చాలా భాగం కోసి తీసేసి, సన్నని గొట్టంలా మిగులుస్తారు. అది సర్జన్ పని, ఒక పూటలో అయిపోతుంది. ఆ గొట్టంతో మనిషి ఎలా బతకాలో నేర్పడం మన పని, అది ఏళ్లు పడుతుంది. మొదట మజ్జిగ తేట, పప్పు మీది తేట నీళ్లు, ప్రొటీన్ పొడి కలిపిన పాలు. తర్వాత మెత్తగా మెదిపినవి. ఆ తర్వాత గుడ్డు, చేప, కాస్త అన్నం. భోజనం మధ్యలో నీళ్లు తాగకూడదు. విటమిన్ మాత్రలు మానకూడదు. ఇవన్నీ కాగితం మీద ఉంటాయి, మీకు తెలుసు.

కాగితం మీద లేనిది ఒకే ఒక ప్రశ్న. కుర్చీలో కూర్చోగానే అందరూ అదే అడుగుతారు. "ఎంత తగ్గుతానండీ?"

నిజం ఇది. ఉండాల్సిన దానికంటే ఎంత ఎక్కువ ఉన్నామో, అందులో సుమారు సగమో, ఇంకాస్త పైనో పోతుంది. మొదటి ఆరు నెలలూ చకచకా పోతుంది. ఏడాది, ఏడాదిన్నర దగ్గర ఆగుతుంది. తర్వాత కొంత తిరిగి వస్తుంది కూడా. ఎవరికి ఎంతో ముందుగా చెప్పే యంత్రం లేదు. పెళ్లినాటి ఫోటోలో ఉన్న మనిషి మాత్రం సాధారణంగా తిరిగి రాదు.

ఈ నిజాన్ని ఎప్పుడు, ఎంత, ఎవరికి చెప్పాలన్నదే నాకు చివరిదాకా అర్థం కాలేదు.

మైలవరం మాస్టారు

ఆ విభాగంలో చేరిన కొత్తలో మైలవరం నుంచి ఒక లెక్కల మాస్టారు వచ్చారు. పేరు సత్యనారాయణ గారు. బరువు నూట ముప్పై ఎనిమిది కిలోలు. షుగరుకి రోజూ రెండు పూటలా ఇన్సులిన్ పొడుచుకునేవారు. చేతిలో చిన్న నోటుపుస్తకం, జేబులో కలం. ఆయన అడిగారు, నేను ఉన్నదున్నట్టు చెప్పాను.

"వంద దాకా రావచ్చండీ. అటూ ఇటూగా."

ఆయన పుస్తకంలో రాసుకుని దాని వంక కాసేపు చూశారు. "అంటే ఇంత చేసినా నేను ఇంకా వంద కిలోలే కదమ్మా."

"అవునండీ. అబద్ధం చెప్పి చేయించకూడదు కదా."

"మంచి మాట చెప్పారు. దీనికోసం కడుపు కోయించుకోవడం దేనికి? పొద్దున్నే నడుస్తాను." ఆయన నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. నిజాయితీగా పని చేశానని ఆ సాయంత్రం నాకు చాలా తృప్తిగా అనిపించింది.

మూడేళ్ల తర్వాత ఆయన మా ఆసుపత్రిలోనే డయాలసిస్ గది ముందు చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నారు. మనిషి సగానికి సగం చిక్కిపోయారు. నేను గుర్తుపట్టలేదు, ఆయనే పిలిచారు. షుగరు వల్ల కిడ్నీలు పోయాయని చెప్పి, "మీరు సరిగ్గానే చెప్పారమ్మా, లెక్క నేనే తప్పు చేశాను" అన్నారు. ఆయన నన్ను ఓదార్చడం నాకు భరించరానిదిగా ఉంది.

మా సర్జన్ గారికి చెప్పాను. ఆయన మాట కరుకే గాని, తప్పు పట్టినప్పుడు కారణం చెప్పే మనిషి.

"గ్రేస్ గారూ, మీరు ఆయనకి కిలోలు చెప్పారు. ఇన్సులిన్ తగ్గే అవకాశం ఉందని చెప్పారా?"

"ఆయన అడగలేదండీ."

"ఆయనకి అడగాలని తెలీదు. మీకు తెలుసు కదా."

ఆపరేషన్ చేయించుకుని ఉంటే ఆ కిడ్నీలు నిలిచేవని ఎవరూ హామీ ఇవ్వలేరు. అప్పటికే చెడిపోయి ఉండవచ్చు. కానీ షుగరు ఊసే ఎత్తకుండా వంద అనే అంకె ఒక్కటి చేతిలో పెట్టి ఆయన్ని పంపింది నేనే. అది నా మొదటి తప్పు.

"ఇక నుంచి మీరు అంకె చెప్పకండి. నేను మాట్లాడుకుంటాను" అన్నారు సర్జన్ గారు. ఆయన మాట్లాడటం నేను విన్నాను. ఎవరొచ్చినా "సగమైపోతారు, చూస్తూ ఉండండి" అనేవారు. వాళ్లు నవ్వుతూ సంతకం పెట్టేవారు. నేను నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. అలా నేర్చుకోవడం తెలివనే అనుకున్నాను.

నాంచారమ్మ

నాంచారమ్మ బందరు పక్క సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చింది. నలభై దాటిన మనిషి. పడవలు ఒడ్డుకు రాగానే చేపలు కొని బెజవాడ మార్కెట్టుకు పంపే వ్యాపారం. పొట్టి మనిషి, నూట ఇరవై రెండు కిలోలు. వెంట భర్త ఏడుకొండలు ఉన్నాడు, వేటకెళ్లే మనిషి. ఆమె మాట్లాడినంతసేపూ నేల చూస్తూ కూర్చున్నాడు.

నేను డాక్టర్ని కాదని చెప్పినా మొదట్లో నన్ను డాక్టరమ్మా అనే పిలిచేది.

"పడవ కాడికి ఎల్లలేకపోతన్నానండి. ఇసుకలో నాలుగడుగులేస్తే ఆయాసం, మోకాళ్లు పట్టేస్తన్నాయి. రోడ్డు మీద కుర్చీ ఏసుకుని కూచుంటే, మంచి సరుకంతా ముందే తీసేసుకుని, అడుగున మిగిలింది నాకు తెస్తన్నారు. చేపని చేత్తో పట్టి చూడందే నేను ఎప్పుడూ కొనలేదండి."

"బరువు ఎంతకు రావాలనుకుంటున్నావమ్మా?"

"అరవై." తడుముకోకుండా చెప్పింది. "పెళ్లినాడు అరవై కూడా లేను. అరవైకి వస్తే చాలు."

ఆమె ఎత్తుకు, ఆమె బరువుకు నేను మనసులో వేసిన లెక్క ఎనభై ఐదు. కొంచెం ఇటూ అటూ. ఆ అంకె నా నాలుక మీదే ఉంది. మైలవరం మాస్టారు చక్రాల కుర్చీలో నా కళ్ల ముందు కనిపించారు. ఈమెకూ బీపీ ఉంది, షుగరు మొదలవుతోంది, నిద్రలో ఊపిరి ఆగుతోంది. ఎనభై ఐదు అంటే ఈమె కూడా లేచి వెళ్లిపోతే?

"చూద్దాం" అన్నాను.

ఆమె ఆ మాటను ఒప్పుకోలుగా తీసుకుంది. తీసుకుంటుందని నాకు తెలుసు.

చప్పట్లు

ఆపరేషన్ బాగా జరిగింది. నెల తిరిగేసరికి నూట తొమ్మిదికి వచ్చింది. రెండున్నర నెలలకు వచ్చినప్పుడు యంత్రం తొంభై ఆరు చూపించింది.

అంత త్వరగా నేను అనుకోలేదు. నేను వేసుకున్న లెక్క కంటే ముందుంది. ఇక్కడ నేను ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు. సంతోషం వేసింది. సిస్టర్లను పిలిచాను, వరండాలో కూర్చున్న పేషెంట్లను కూడా పిలిచాను. "చూడండి, చెప్పినట్టు చేస్తే ఇలా ఉంటుంది" అని చప్పట్లు కొట్టించాను. గోడ మీద పెట్టడానికి ఫోటో తీయించాను. ఎంత తగ్గిందో తెలిసేలా ఆమె తన పాత జాకెట్టు రెండు చేతులతో చాపి పట్టుకుని నిలబడింది. మొహం వాడిపోయి ఉంది, అయినా నవ్వింది.

బయటికి వెళ్లేటప్పుడు ఏడుకొండలు ఆగాడు. అంతకుముందు అతను నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఏదీ నిలవట్లేదండీ ఆవిడకి. తిన్నదంతా బయటికొచ్చేస్తంది."

"మొదట్లో అలాగే ఉంటుందయ్యా. బాగా నమిలి, నిదానంగా తినమను."

"అది కాదండీ—"

"నువ్వుండు" అంది నాంచారమ్మ. "మేడం గారు చెబుతన్నారు గదా. నాకేం బాగానే ఉంది." గుమ్మం దాటుతూ తూలి, గోడ పట్టుకుంది. నేను చూశాను. గడప తగిలిందనుకున్నాను.

మీరు ఈ పేజీలో ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. బరువు మనం అనుకున్నదాని కంటే వేగంగా పడిపోతుంటే అది మెచ్చుకోవాల్సిన సంగతి కాదు, ఆరా తీయాల్సిన సంగతి. ఏం తిన్నారు అని మాత్రమే కాదు, తిన్నదాంట్లో లోపల ఏం నిలిచింది అని అడగాలి. పక్కనున్న మనిషి నోరు తెరిస్తే మాట పూర్తి చేయనివ్వాలి. నేను చేయనివ్వలేదు.

రెండు వారాలకు ఏడుకొండలు ఫోన్ చేశాడు.

"లేవట్లేదండీ. కాళ్లు నిలబడట్లేదు. నన్ను చూసి ఇద్దరున్నారంటంది."

కారణం

కారులో వెనక సీటు మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు. కళ్లు ఒక చోట నిలవడం లేదు. ఏ నెల అంటే చెప్పలేకపోయింది. నరాల డాక్టరు గారు చూసిన పది నిమిషాల్లో తేల్చేశారు. బి-వన్ అనే విటమిన్ ఒంట్లో అడుగంటిపోయింది. వారాల తరబడి వాంతులయ్యేవాళ్లకు అలా అవుతుందని నాకు తెలుసు. పని నేర్చుకునే పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేనే చెప్పేదాన్ని.

సూది మందు నరంలోకి ఎక్కించారు. మూడో రోజుకు కళ్లు సర్దుకున్నాయి. నన్ను గుర్తుపట్టి మేడం గారూ అంది. కాళ్లలో బలం మాత్రం అంత తొందరగా తిరిగి రాలేదు. నెలల తరబడి కసరత్తులు చేయించారు. మొదట కడ్డీ పట్టుకుని, తర్వాత కర్రతో, తర్వాత భర్త భుజం మీద చెయ్యేసి నడిచింది.

విటమిన్ మాత్రలు కూడా మానేసిందని ఏడుకొండలు చెప్పాడు. వార్డులో ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని అడిగాను. "మాత్రలు ఎందుకు మానేశావు?"

"అయ్యి ఏసుకుంటే కడుపులో తిప్పి ఏదో ఒకటి తినబుద్దేసేదండి. తింటే బరువు పెరుగుద్ది గదా."

"రోజుకి ఎంత తినేదానివి?"

"మూడు చెంచాలు పాలు. ఒక్కోనాడు అదీ లేదు."

"వాంతులవుతున్నాయని నాతో ఎందుకు చెప్పలేదు? నేను తిట్టేదాన్నా?"

ఆమె నా వంక ఆశ్చర్యంగా చూసింది. నాకు అర్థం కాకపోవడం ఆమెకు అర్థం కాలేదు.

"మీరు చప్పట్లు కొట్టించారు గదండీ" అంది.

సర్జన్ గారి గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఏడుకొండలు నాకు చెప్పబోయాడన్నదీ, నేను వినలేదన్నదీ దాచలేదు. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆయన, "ఆ రోజు నేనూ చూశాను ఆవిణ్ని. శభాష్ అన్నాను" అన్నారు. అంతే. ఆ మాట మళ్లీ ఎప్పుడూ మా మధ్య రాలేదు. ఆ తర్వాత ఆయన ఎవరితోనూ "సగమైపోతారు" అనలేదు. గోడ మీది ఫోటోలన్నీ నేనే తీసేశాను. వద్దని ఆయన అనలేదు.

తిండి సర్దుకున్నాక నాంచారమ్మ బరువు కొంచెం పెరిగి, మళ్లీ తగ్గి, రెండేళ్లకు ఎనభై ఎనిమిది దగ్గర నిలిచింది. నేను ఆ రోజు మింగేసిన అంకెకు మూడే కిలోలు తేడా. బీపీ మాత్రలు సగానికి తగ్గాయి. షుగరు మళ్లీ కనపడలేదు. ఒడ్డుకు వెళ్తున్నానని ఫోన్ చేసి చెప్పింది.

ఆటోనగర్ ఆయన

దీని తర్వాత నేను అందరికీ నిజం చెప్పడం మొదలుపెట్టాను, ఈసారి పూర్తిగా. కిలోలూ చెప్పాను, షుగరూ చెప్పాను, జుట్టు ఊడుతుందనీ, తొక్క వేలాడుతుందనీ, కొంత తిరిగొస్తుందనీ చెప్పాను. చెప్పింది కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నాను. దాంతో సమస్య తీరిందనుకున్నాను.

ఆటోనగర్‌లో లేత్ షాపున్న ఒకాయనకు ఇలాగే గంటసేపు చెప్పాను. నూట నలభై నుంచి తొంభై ఐదో, వందో అని నా చేత్తో రాసి ఇచ్చాను. ఏడాదిన్నరకు తొంభై ఏడు మీద నిలిచారు. నేను చెప్పింది చెప్పినట్టే అయింది. ఆయన కుర్చీలో కూర్చుని, మర్యాదగానే అడిగారు.

"మరి మిగతాది ఎప్పుడండీ?"

సంతకం పెట్టిన కాగితం తీసి చూపించాను. ఆయన చదువుకుని, "ఇది మామూలు వాళ్లకి రాసిందనుకున్నానండీ" అన్నారు. నడుము నొప్పి పోయింది. మెట్లెక్కుతున్నారు. రాత్రిళ్లు ఊపిరాడేందుకు యంత్రం పెట్టుకోకుండానే నిద్రపోతున్నారు. అయినా ఓడిపోయినవాడిలా వెళ్లారు. చెప్పకపోతే ఒక రకం నష్టం, చెబితే ఒక రకం, చెప్పింది వినపడకపోతే మరో రకం. మనిషికి ఒక అంకె అవసరమా, అంకే మనిషిని పాడు చేస్తుందా అన్నది నేను అప్పుడూ తేల్చుకోలేదు.

మంగ

నేను రిటైరయ్యే వారం నాంచారమ్మ వచ్చింది. వెంట చెల్లెలు మంగను తీసుకొచ్చింది. మంగకు ముప్పై ఐదేళ్లు, నూట పన్నెండు కిలోలు, షుగరు బాగా ఎక్కువ. ఆపరేషన్ చేయించాలట.

నాకు తెలిసినదంతా పెట్టి చెప్పాను. ఎనభై, ఎనభై ఐదు మధ్య ఆగవచ్చన్నాను. బరువు ఆగినా షుగరు తగ్గవచ్చన్నాను. వాంతులైతే రెండో రోజే ఫోన్ చేయాలన్నాను. మంగ అన్నిటికీ తలాడించింది. నాంచారమ్మ పక్కన కూర్చుని మధ్య మధ్య "ఇను, ఇను" అంటూ ఉంది. నా ఉద్యోగంలో ఇంత బాగా నేనెప్పుడూ చెప్పలేదనిపించింది.

వాళ్లు బయటికి వెళ్లారు. తలుపు పూర్తిగా మూసుకోలేదు.

"అక్కా, ఈవిడేంటి ఎనభై ఐదంటంది. నేను అరవైకి రానా?"

"వస్తావులే" అంది నాంచారమ్మ. "ముందు ఆపరేషన్ అవనీ."

నేను లేచి వెళ్లి నాంచారమ్మ ఒక్కదాన్నే లోపలికి పిలిచాను.

"నువ్వేనా ఆ మాట అనేది? ఎవరికి తెలియకపోయినా నీకు తెలీదా?"

"తెలుసండి."

"మరి?"

ఆమె కుర్చీ లాక్కుని నెమ్మదిగా కూర్చుంది. "ఆ రోజు మీరు నాకు ఎనభై ఐదని చెప్పుంటే నేను మా ఊరెల్లిపోయేదాన్నండి. ఆ అరవై కోసమే వచ్చి బల్ల మీద పడుకున్నా. ఇయ్యాల పడవ కాడికి నా కాళ్ల మీద ఎల్లి, నా చేత్తో చేప చూసుకుంటన్నా. రాకపోయుంటే ఈపాటికి మంచంలో ఉండేదాన్ని."

"నీ కాళ్ల సంగతేంటి?"

"కాళ్లా." కిందికి చూసుకుంది. "తడి ఇసకలో చెప్పు ఊడిపోద్దండి. ఊడినట్టు తెలవదు. ఎనక వచ్చేవాళ్లు పిలిచి ఇస్తారు."

"మంగకీ అలాగే కావాలా?"

"కాదండి. దానికి నేను దగ్గరుండి తినిపిస్తా. మాత్రలు నా చేత్తో ఏస్తా." నా కళ్లలోకి చూసింది. "ఇప్పుడు ఎనభై ఐదే అంటే మంగ ఆపరేషన్‌కే రాదు. మా అమ్మ షుగరుతోనే పోయింది. చెప్పమంటారా, వద్దంటారా? మీరేదంటే అది చెబుతా, మేడం గారూ."

ఆమె నన్ను నిలదీయడం లేదు. నిజంగానే అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియక నేను మంగను మళ్లీ లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. ఎనభై ఐదు దగ్గరికి వచ్చేసరికి మంగ నా వంక కాకుండా అక్క వంక చూసింది. నాంచారమ్మ అవుననలేదు, కాదనలేదు.

"వచ్చే వారం చెబుతామండి" అని ఇద్దరూ లేచారు. నాంచారమ్మ గుమ్మం దగ్గర చెల్లెలి చెయ్యి పట్టుకుని, కాలు ఎక్కడ పడుతుందో చూసుకుంటూ దాటింది.

ఆ వచ్చే వారానికి నా కుర్చీలో మీ తోటి అమ్మాయి కూర్చుంది. ఫోన్ చేస్తే మంగ వచ్చిందో లేదో చెబుతుంది. చాలాసార్లు చెయ్యబోయి మానేశాను. వచ్చిందని వినాలనుందో, రాలేదని వినాలనుందో నాకే తెలియడం లేదు.